గంటస్తంభం చూడటానికి విజయనగరం వస్తున్నారా? ముందు ఇవి చదవండి

విజయనగరం పాత ఊరిని నడిపించి చూపించడం నా పని. కోట దగ్గర మొదలుపెట్టి, పైడితల్లమ్మ గుడి, మూడు లాంతర్ల కూడలి చూపించి, బజారు మధ్యలో ఉన్న పాత గడియార గోపురం, అదే గంటస్తంభం దాకా తీసుకెళ్తాను. దారిలో నన్ను అడిగే ప్రశ్నల్లో సగం సినిమాల్లోంచి వస్తాయి, మిగతా సగం వాట్సాప్‌లోంచి. జవాబులు ఒకచోట రాసి పెడితే నాకూ గొంతు కలిసొస్తుంది, మీకూ టైమ్ కలిసొస్తుంది.

అపోహ: బొబ్బిలి యుద్ధంలో గెలిచినందుకు గుర్తుగా కట్టిన స్తంభం ఇది.

వాస్తవం: బొబ్బిలి యుద్ధం జరిగింది 1757 జనవరిలో. గంటస్తంభం కట్టింది 1885లో. మధ్యలో 128 ఏళ్ళు. యుద్ధం నాటికి విజయనగరం కోట ఉంది, దాని శంకుస్థాపన 1713 నాటిది. అది విజయ నామ సంవత్సరం, దసరా రోజుల్లో పునాది వేశారని అంటారు. గంటస్తంభం ఊసు మాత్రం అప్పటికి లేదు. 'స్తంభం' అనగానే జయస్తంభం అనుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. బొబ్బిలిలో యుద్ధ స్మారక స్తంభం వేరే ఉంది. రెండూ ఒకే జిల్లా పేరుతో ఇంటర్నెట్‌లో కనిపించేసరికి జనం కలిపేసుకుంటున్నారు.

దీనికి తోబుట్టువు లాంటి ప్రశ్న ఇంకోటి. కోటలో అడుగు పెట్టగానే ఎవరో ఒకరు అడుగుతారు: "మాస్టారూ, పాపారాయుడు రాజుగారిని పొడిచిన గది ఎక్కడండీ?" ఈ కోటలో అలాంటి గది లేదు. యుద్ధం బొబ్బిలి కోట దగ్గర జరిగింది. ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం అండతో గెలిచిన విజయనగరం రాజు విజయరామరాజు, ఆ తర్వాత కొద్ది రాత్రులకే తన గుడారంలో తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోయాడు. గుడారం అక్కడ, గది కోసం వెతుకులాట ఇక్కడ! కోటలో ఇప్పుడు పూసపాటి రాజుల ట్రస్టు మాన్సాస్ కాలేజీలు నడుస్తున్నాయి. క్లాసులు జరిగే టైమ్‌లో వరండాల్లో కత్తి తిప్పుతున్నట్టు రీల్స్ తీయొద్దని నా మనవి.

అపోహ: ఇది లండన్ బిగ్ బెన్‌కి అచ్చు నకలు.

బిగ్ బెన్‌ని చూసి కట్టారన్న మాట చాలాకాలంగా ఉంది, దాన్ని నేను కాదనను. కానీ 'నకలు' అంటే ఒప్పుకోను. లండన్‌లో ఆ గడియారం నడక మొదలైంది 1859లో. ఆ గోపురం చదరం, నాలుగు పక్కలు, ఎత్తు 96 మీటర్లు. మనది ఎనిమిది పలకలు, ఇసుకరాయి కట్టడం, ఎత్తు 68 అడుగులు. మీటర్లలో 21కి కాస్త తక్కువ. అంటే లండన్‌ది మనదానికి నాలుగున్నర రెట్ల పైమాట. ఇంకో సంగతి, బిగ్ బెన్ అనేది అసలు లోపలి పెద్ద గంట పేరు. గోపురానికి 2012 నుంచి ఎలిజబెత్ టవర్ అని పేరు. ఫొటో కింద 'మన బిగ్ బెన్' అని రాసుకుంటే ఎవరూ కొట్టరు గానీ, మన స్తంభం సొగసు చూడాలంటే ఆ పోలిక పక్కన పెట్టి పలకలు చూడాలి. చదరపు గోపురానికి ఎదురు, పక్క అని తేడా తెలుస్తుంది. ఎనిమిది పలకల కట్టడానికి ముందూ వెనకా ఉండదు. ఏ వీధిలోంచి వచ్చినా మనకేసే తిరిగి ఉన్నట్టు కనిపిస్తుంది. బజారు మధ్యలో కట్టేదానికి ఇంతకంటే తెలివైన ఆకారం ఇంకోటి లేదని నా అభిప్రాయం.

ఎత్తు మాటకొస్తే, బయటి ఊళ్ళవాళ్ళు "ఇంతేనా?" అంటారు. పైడితల్లమ్మ ఉత్సవంలో, దసరా తర్వాత మంగళవారం తిరిగే పొడవాటి చెట్టు మాను, అదే సిరిమాను, పొడవు అరవై అడుగుల దరిదాపు. ఆ మాను కొసన పూజారి కూర్చుంటే కింద నిలబడ్డ జనం గుండె ఎలా జలదరిస్తుందో ఈ ఊరివాళ్ళకు తెలుసు. గంటస్తంభం అంతకంటే కొంచెం ఎక్కువే. చుట్టూ మేడలు లేచి స్తంభాన్ని పొట్టిది చేశాయి, అంతే.

అపోహ: రైళ్ళ టైమ్ తెలియడానికి బ్రిటిష్ వాళ్ళు కట్టారు.

ఇది నాకు బాగా ఇష్టమైన అపోహ, ఎందుకంటే సగం నిజంలా వినిపిస్తుంది. వాస్తవం ఏమిటంటే 1885 నాటికి ఈ ఊరికి రైలే రాలేదు. మన తీరం వెంట ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే లైను వేసింది 1893–96 మధ్య. గంటస్తంభం రైలు కంటే వయసులో పెద్దది. అప్పుడు సంస్థానం పూసపాటి ఆనంద గజపతిరాజు చేతిలో ఉంది. గురజాడను ఆదరించిన రాజు ఆయనే. కాలేజీ, నాటకం, సంగీతం అంటూ ఊరు కొత్త ముచ్చట్లకు అలవాటు పడుతున్న రోజులవి. బజారు నడిబొడ్డున అందరికీ కనిపించే గడియారం కూడా ఆ ముచ్చట్లలోదే. చేతికి వాచీ, ఇంట్లో గోడ గడియారం ఉన్నవాళ్ళు ఎందరుంటారు అప్పట్లో? కొట్టు తెరిచేవాడికి, బడికెళ్ళేవాడికి, సర్కారు కచేరీ పనికొచ్చిన రైతుకు అది ఉమ్మడి గడియారం.

మరి ఏ టైమ్ చూపించాలి? ఇప్పుడు మనకు ఈ ప్రశ్నే తట్టదు. కానీ 1885లో దేశమంతటికీ ఒకే టైమ్ లేదు. భారత ప్రామాణిక కాలం వచ్చింది 1906 జనవరి 1న. అంతకుముందు మద్రాసు టైమ్ వేరు, కలకత్తా టైమ్ వేరు, రెంటికీ 32 నిమిషాల తేడా. మన ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోది. మద్రాసు టైమ్ ఇప్పటి మన టైమ్ కంటే దాదాపు 9 నిమిషాలు వెనక. పైగా విజయనగరం మద్రాసుకు తూర్పున ఉంది కాబట్టి, ఇక్కడ పొద్దు అక్కడికంటే పన్నెండున్నర నిమిషాల ముందు నడినెత్తికి వస్తుంది. పొద్దును బట్టి చూస్తే ఒక లెక్క, మద్రాసు టైమ్ బట్టి చూస్తే ఇంకో లెక్క. స్తంభం కింద నిలబడి ఈ మాట చెప్పినప్పుడు పిల్లలు ఫోన్ తీసి టైమ్ చూసుకుంటారు, చూడముచ్చటగా ఉంటుంది.

అపోహ: టవర్ గడియారానికి ఎన్ని ముఖాలుంటే అన్ని గడియారాలు. ముల్లు తేడా చూపిస్తే ఊరికి అరిష్టం.

అరిష్టం సంగతి వదిలేయండి. ఆ కాలపు టవర్ గడియారాల్లో ముఖాలు ఎన్నున్నా యంత్రం ఒకటే. తాడుకు వేలాడే బరువు కిందికి దిగుతూ చక్రాలను తిప్పుతుంది, లోలకం వాటి వేగాన్ని అదుపులో పెడుతుంది, కడ్డీలూ పళ్ళ చక్రాలూ ఆ కదలికను ప్రతి ముఖానికీ చేరుస్తాయి. బరువు అడుగుకు చేరే లోపు ఎవరో ఒకరు మెట్లెక్కి కీ ఇవ్వాలి. కాబట్టి ఒక ముఖం మాత్రమే తేడాగా ఉంటే, ఆ వైపు ముల్లు జారిందనో, పావురాలు దాని మీద వాలుతున్నాయనో అర్థం. అన్నీ కలిసి తప్పితే యంత్రాన్ని చూడాలి.

ఎండ పాత్ర కూడా ఉంది. లోలకం కడ్డీ ఇనుముదైతే వేడికి సాగుతుంది, సాగితే ఊపు నెమ్మదిస్తుంది. పది డిగ్రీలు పెరిగితే రోజుకు దాదాపు ఐదు సెకన్లు వెనకబడుతుంది. మన ఏప్రిల్, మే నెలల్లో అలాంటి గడియారం కాస్త వెనకబడిందంటే దాన్ని తిట్టడం అన్యాయం.

అపోహ: పైకెక్కితే ఊరంతా కనిపిస్తుంది.

నా వెంట వచ్చినవాళ్ళను నేను ఎక్కించను. ఇలాంటి స్తంభాల్లో లోపలి మెట్లు కీ ఇచ్చేవాడి కోసం, జనం కోసం కాదు. చార్మినార్ చూసొచ్చినవాళ్ళు అదే ఊహతో వస్తారు. కింద నుంచే, చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి చూడండి.

అపోహ: సిమెంటు పూసి, మంచి ఆయిల్ పెయింట్ వేస్తే పాత కట్టడం గట్టిపడుతుంది.

ఇది వినగానే నాకు టెన్షన్ వస్తుంది. మంచి మనసుతో చెప్పే సలహా, చేసే హాని మాత్రం ఇంతా అంతా కాదు. ఇసుకరాయి, సున్నపు గచ్చు నీళ్ళు పీల్చుకుంటాయి, మళ్ళీ బయటికి వదిలేస్తాయి. వానాకాలం తడిసిన గోడ ఎండల్లో ఆరుతుంది. పైన సిమెంటు, దాని మీద ప్లాస్టిక్ లాంటి పెయింటు పొర వేస్తే తడి లోపలే ఉండిపోతుంది. అందులోని ఉప్పు పొరల కింద పేరుకుని రాతిని పెచ్చులుగా ఊడగొడుతుంది. బయటికి కొత్తగా మెరుస్తూ ఉంటుంది, లోపల పిండి అవుతుంది. పాత గోడకు సున్నమే సరైన వైద్యం.

రావి మొక్కల సంగతీ ఇంతే. పక్షి రెట్టలో గింజ సందులో పడి మొలుస్తుంది. పైపైన కోసేస్తే ఫొటోకి బాగుంటుంది గానీ, వేరు లోపల లావెక్కుతూనే ఉంటుంది. కోసిన మొక్క మళ్ళీ చిగురిస్తుంది, సందు ఇంకా విచ్చుకుంటుంది. వేరుతో సహా చంపాలి, ఆ సందును సున్నంతో నింపాలి. బ్యానర్ కట్టడానికి మేకు దిగగొట్టేవాళ్ళకూ ఈ పేరా వర్తిస్తుంది.

అపోహ: కృష్ణదేవరాయల విజయనగరం ఇదే.

కాదు. అది తుంగభద్ర ఒడ్డున, కర్ణాటకలోని హంపి. ఇది పూసపాటివారి విజయనగరం. టికెట్ బుక్ చేసేముందు చూసుకోండి.

అపోహ: సిరిమాను రోజు వస్తే ఉత్సవం, గంటస్తంభం రెండూ ఒకే దెబ్బకు చూడొచ్చు.

ఉత్సవం చూడటానికి తప్పకుండా రండి. కానీ ఆ రోజు గుడికీ కోటకీ మధ్య సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది, జనం ఇసుక వేస్తే రాలనంతగా ఉంటారు, పాత ఊళ్ళో ఎక్కడ నిలబడ్డారో అక్కడే ఉండిపోతారు. స్తంభాన్ని తీరిగ్గా చూడాలంటే మామూలు రోజు, కొట్ల షట్టర్లు లేవకముందు రండి. తూర్పు వైపు పలకల మీద ఎండ పడుతుంది, బళ్ళు అడ్డం ఉండవు, ఫొటోలో వైర్లు మాత్రం పడతాయి. వాటికి నా దగ్గరా మందు లేదు. గంటసేపు చాలు. తర్వాత బజారు తెరుచుకుంటుంది, బట్టల కొట్లవాళ్ళు పిలవడం మొదలుపెడతారు, అక్కడితో మీ చరిత్ర పాఠం అయిపోయినట్టే.