లారీ మీద రాతలు: జనం అనుకునేది, మేం రాసేది

విజయవాడ ఆటోనగర్ షెడ్లలో లారీలకు రంగులేసి, అక్షరాలు రాసే పని నాది. పని చూస్తూ నిలబడినవాళ్లు చెప్పే కబుర్లలో సగం తప్పులే.

అపోహ: లారీ వెనక ‘హారన్ ఓకే ప్లీజ్’ లేకపోతే ఫైన్ పడుతుంది.

వాస్తవం: అలా రాయమని ఏ రూలూ లేదు. పైగా ఊరికే హారన్ కొట్టిస్తోందని మహారాష్ట్ర 2015లో దాన్ని నిషేధించింది. మరి మధ్యలో ఆ ‘ఓకే’ ఎందుకు? రెండో ప్రపంచ యుద్ధకాలంలో కిరోసిన్‌తో నడిచే లారీలకు దూరంగా ఉండమని ‘ఆన్ కిరోసిన్’ (కుదిస్తే ఓ.కే.) అని రాసేవారట. కాదు, అది టాటావారి ఓకే సబ్బు ప్రకటన అంటారు ఇంకొందరు. రెండూ వినడానికి బాగుంటాయి, రుజువు చూపినవాళ్లే తగల్లేదు. మా గురువు నేర్పింది మాత్రం ఒక్కటే: ‘ఓకే’ పెద్దగా, నడిమధ్యన పడాలి. లేకపోతే వెనక డోరు బోసిపోతుంది.

అపోహ: రంగు ఎప్పుడూ ఓనరు ఇష్టమే.

వాస్తవం: నేషనల్ పర్మిట్ బండికి, అంటే రాష్ట్రాలు దాటి తిరిగే లారీకి, ఎండుటాకు రంగు, తెల్ల అంచు అని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే రాసి ఉండేది. అందుకే మా పనితనమంతా అంచులు, బంపరు, డోరు మీదే పెరిగింది. పాకిస్తాన్ లారీల ఫొటోలు చూపించి “మీరెందుకు ఇలా వేయరు?” అంటారు. అక్కడ బెడ్‌ఫర్డ్ అనే పాత బ్రిటిష్ బళ్లకు క్యాబిన్ నెత్తిన కిరీటం లేస్తుంది, స్వాత్ లోయ వైపైతే చెక్క తలుపులకే చెక్కడం పని. ఆ లెక్క వేరు.

అపోహ: రాతలన్నీ డ్రైవర్ మనసులో మాటలు.

వాస్తవం: డబ్బులిచ్చేది ఓనరు. బండి ముందు రాసే పిల్లల పేర్లు, ఇలవేల్పు పేరు ఆయనవే. ‘నన్ను చూసి ఏడవకురా’ కూడా చాలాసార్లు ఆయనదే. కొత్త బండి దింపితే చుట్టాల కళ్లు పడతాయని. (ఏ చుట్టమో నేనడగను.) డ్రైవర్‌కు మిగిలేది క్యాబిన్ లోపలి గోడ.

దిష్టి మన పిచ్చే అనుకోకండి. తుర్కియేలో బండి అద్దానికి నీలి కంటి పూస వేలాడదీస్తారు.

అపోహ: రేడియం స్టిక్కర్‌లో రేడియం ఉంటుంది.

వాస్తవం: ఉండదు. పడిన వెలుతురును వచ్చిన వైపుకే తిప్పికొట్టే సన్నటి గాజుపూసలో, బుల్లి పట్టకాలో ఉంటాయి, అంతే. ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు. వెనక కూడా తెల్లదే బాగుంటుందని కొందరు ఓనర్లు పట్టుబడతారు. నేను వేయను. చీకట్లో వెనకొచ్చేవాడు ఎదురొస్తున్న బండి అనుకుంటాడు.