కరోనా పట్నం జబ్బా? మన బరంపురం వైపు నుంచి కొన్ని అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు మన తెలుగోళ్ళ గ్రూపుల్లో కరోనా గురించి ఇప్పటికీ ఇవే మాటలు తిరుగుతున్నాయి. కేసుల లెక్కలు, కాంటాక్టులు చూసే పనిలో ఉన్నదాన్ని కాబట్టి రాస్తున్నాను.

అపోహ: పల్లె గాలికి, మన ఎండకి వైరస్ బతకదు.
వాస్తవం: 2020 ఏప్రిల్ అయిపోయేదాకా బరంపురం ఉన్న మన గంజాం జిల్లాలో ఒక్క కేసూ బయటపడలేదు, మేలో మండే ఎండల్లోనే మొదలైంది, జులైకల్లా ఒడిశా మొత్తంలో మన జిల్లాయే ముందుంది. ఆగస్టులో బరంపురంలో రక్తపరీక్షలు చేస్తే సుమారు 31 శాతం మందిలో యాంటీబాడీలు, అంటే వైరస్ సోకిందని రక్తంలో తెలిపే గుర్తులు, కనిపించాయి. గాలి, ఎండ కాదండీ, మనుషుల రాకపోకలే దారి.

అపోహ: సూరత్ నుంచి వచ్చినోళ్ళే అంటించేశారు.
వాస్తవం: ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. సూరత్ పవర్‌లూముల్లో (కరెంటు మగ్గాల్లో) పనిచేసే మన పిల్లలు 2020 లాక్‌డౌన్‌లో పని లేక, ఒక్కో గదిలో అంతమంది ఇరుక్కుని నెల దాటి ఉండిపోయారు, జబ్బు అక్కడే అంటుకుంది, అది వాళ్ళ తప్పెలా అవుతుంది?

అపోహ: బయటినుంచి వచ్చినోళ్ళని స్కూల్లో 14 రోజులు క్వారంటైన్‌లో పెట్టాం కదా, ఇంక భయం లేదు.
వాస్తవం: ఒక్కడే విడిగా ఉంటే ఆ లెక్క సరిపోతుంది. ఒకే హాల్లో పదిమంది పడుకుని ఒకే బాత్రూమ్ వాడితే, పక్కవాడి నుంచి పదో రోజున అంటుకున్నవాడు పద్నాలుగో రోజుకి ఏ లక్షణం లేకుండా ఇంటికెళ్ళిపోతాడు, అక్కడ ముసలి తల్లిదండ్రులుంటారు. 2020లో క్వారంటైన్ చూసుకోమని ఒడిశా ప్రభుత్వం సర్పంచులకి కలెక్టర్ అధికారాలిచ్చినా ఈ లెక్క మారలేదు.

అపోహ: ఊళ్ళో కేసులు తక్కువ, అంటే జబ్బు తక్కువ.
వాస్తవం: టెస్టులు తక్కువ. అంతే. కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ సర్వేల్లో దేశంలోని పల్లెల్లో యాంటీబాడీలు ఉన్నవాళ్ళు 2020 ఆగస్టు-సెప్టెంబర్‌లో 4.4 శాతం, 2021 జూన్-జులైకి 66.7 శాతం. టీకా వేసుకున్నోళ్ళు కూడా అందులో ఉన్నారనుకోండి, అయినా అప్పటికి పల్లెల్లో టీకాలు అందింది కొద్దిమందికే, చాలావరకు సెకండ్ వేవ్ పనే. పల్లెకి ఆలస్యంగా వచ్చింది గానీ రాకుండా పోలేదు.

అపోహ: ఆయాసం లేదు కదా, ఆక్సిజన్ బాగానే ఉన్నట్టు.
వాస్తవం: కొందరికి రక్తంలో ఆక్సిజన్ 88 శాతానికి పడిపోయినా మామూలుగానే మాట్లాడతారు. ఆక్సిమీటర్ వేలికి పెట్టి చూడాల్సిందే, 94 కంటే తగ్గితే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మొదటిరోజు జ్వరానికే స్టెరాయిడ్ రాయించుకోవద్దు, అది ఆక్సిజన్ అవసరమైనవాళ్ళకి ప్రాణం నిలబెట్టే మందు, మామూలు జ్వరానికి ఉపయోగం లేదు, షుగర్ ఉన్నోళ్ళకైతే ఇంకా ప్రమాదం.