యాక్షన్‌ది ఒక పుట్టుక, గొట్టానిది మరో పుట్టుక

మల్లేశ్వరంలో స్థిరపడ్డ ఓ తెలుగు కుటుంబంలో పెద్దాయన పోయారు. కొడుకు పేర ఇప్పటికే రెండు తుపాకులున్నాయి. నాన్నగారి మౌజర్ అనే జర్మన్ రైఫిల్ మూడోది అవుతుంది, ఉంచుకోవడం కుదరదన్నారు అధికారులు. బెంగళూరులో పాత రైఫిళ్లు దాచుకునే మనవాళ్ల నోట మళ్లీ ఇదే మాట.

వేట రోజులు, 1972 వన్యప్రాణి చట్టం అందరికీ తెలిసినవే. నా లెక్కన ఈ చిక్కుకు మూలం అంతకు ముందే ఉంది. సైన్యం వాడే తూటా జనం చేతిలో పడితే తమ మీదికే వస్తుందని తెల్లదొరలు భయపడ్డారు. సైన్యం తూటా అయిన .303 పౌరులకు కూడదన్నారు. 1907లో .450 బోరునూ (బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో) ఆపేశారు. అప్పుడు పనివాళ్లు యుద్ధం కోసం పుట్టిన యాక్షన్‌ను, అంటే తూటాను ఎక్కించి పేల్చే యంత్రభాగాన్ని, అలాగే ఉంచి, సైన్యం తూటా పట్టని గొట్టం బిగించారు. బ్రిటిష్ సైన్యపు లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ యాక్షన్‌కు .315 గొట్టం వచ్చింది. ఇషాపూర్ ఫ్యాక్టరీ పౌరులకు చేసిన రైఫిల్ ఆ తరహాదే. లండన్‌లో తుపాకులు చేసే రిగ్బీవాళ్లు జర్మన్ మౌజర్ యాక్షన్ల మీద .275 కట్టారు, 1911లో .416 తెచ్చారు.

మల్లేశ్వరం రైఫిల్‌ను చేతుల్లోకి తీసుకుని చూశాను. తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ, అదే బోల్ట్, లాగితే నూనెలో జారినట్టు వస్తుంది. ముందు బోల్ట్‌ను బిగించి పట్టే రెండు లగ్గులు (పళ్లు), వెనక భద్రతకు మూడోది, పక్కన తూటాను పట్టుకునే పొడవాటి పంజా. 1898 మౌజర్ అని ఇట్టే తెలిసిపోతుంది. సైన్యంలో పక్కకు పొడుచుకొచ్చే బోల్ట్ పిడిని ఎవరో నిప్పులో కాల్చి కిందికి వంచారు. వంపు దగ్గర ఆకురాయి గీతలు ఇంకా చెరగలేదు. చెక్క మీద బుగ్గ ఆనేచోట నునుపు తేలింది. ఇంత పనితనాన్ని ఇనుప తుక్కు లెక్కన చూడటానికి మనసెలా ఒప్పుతుంది?

1983 నుంచి ఒక్కొక్కరికి మూడు తుపాకుల వరకు అనుమతి ఉండేది. 2019 డిసెంబర్‌లో వచ్చిన ఆయుధ చట్ట సవరణ దాన్ని రెండుకు కుదించింది. బిల్లు మొదట ఒక్కటే చాలంది. వారసత్వంగా వచ్చినా రెండు దాటకూడదని చట్టంలోనే రాశారు. అదనంగా ఉన్నవాటిని ఏడాదిలోగా అప్పగించాలన్నారు, ఆపై 90 రోజుల్లో వాటి లైసెన్సు రద్దన్నారు.

అయితే 2020 ఫిబ్రవరిలో కేంద్రం ఇంకో మాట చెప్పింది. క్యూరియో, అంటే పాతకాలపు అపురూప వస్తువుల కింద వచ్చే తుపాకులు ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు, వాడాలన్నా వెంట తీసుకెళ్లాలన్నా మాత్రం కావాలి. కుటుంబం పట్టుకున్నది ఈ మాటనే. పేలే తుపాకి ఆయుధమేనన్నది అధికారుల వాదన.

దీనికి క్యూరియో వయసు ఎలా కడతారు? యాక్షన్ మీద ముద్రను బట్టా, తర్వాతెప్పుడో బిగించిన గొట్టాన్ని బట్టా? పెద్దాయన లైసెన్సు పుస్తకంలో నంబరు, బోరు తప్ప మరేమీ లేదు. తేలేదాకా రైఫిల్‌ను లైసెన్సున్న డీలరు దగ్గర డిపాజిట్ చేశారు. నెల నెలా కొడుకు వెళ్లి, తుప్పు పట్టకుండా నూనె పూయించి వస్తున్నాడు.