చింతపండు ముందు పోస్తే ఆలుగడ్డ ఎందుకు ఉడకదు?

పోయిన నెల చుట్టాలొచ్చిన రోజు మా ఇంట్ల ఆలుగడ్డ పులుసు పెట్టిన, పదిమందికి తక్కువ ఖర్చుల అయ్యేది అదే గదా అని. తొందరల పోపుల ఉల్లిగడ్డ ఏగీఏగకముందే ముక్కలు, చింతపండు రసం, ఉప్పు, కారం అన్నీ ఒక్కసారే వేసి మూత పెట్టి అవతల పనిల పడ్డ. ఇరవై నిమిషాలైంది, ముప్పై అయింది, పులుసు దగ్గరపడ్డది గానీ ముక్క మాత్రం పంటికింద కరకర అంటనే ఉన్నది. ఇంకిన్ని నీళ్లు పోసి మళ్ల పెట్టిన, గ్యాస్ దండుగ తప్ప ముక్క మెత్తబడలే. అత్తమ్మ వచ్చి గరిటెతోని నొక్కి చూసి "ఏం బిడ్డా, చింతపులుసు ముందే పోసినవా" అన్నది. నీకెట్ల తెలిసిందే అంటే "ముక్క బిర్రబిగుసుకున్నది గదనే" అన్నది. ఆమెకు పెక్టిన్ అనే పేరు తెల్వదు, సంగతి మాత్రం పక్కాగ తెలుసు.

ఆలుగడ్డ ముక్క అంటే చిన్నచిన్న సంచుల్లాంటి కణాలు, ఒక్కో సంచిల పిండి గింజలు. సంచికీ సంచికీ మధ్యల పట్టి ఉంచేది పెక్టిన్, మన పాత మట్టిగోడల్ల రాయికీ రాయికీ మధ్య అడుసు ఉంటది సూడు, గట్లన్నమాట. వేడి నీళ్లల్ల ఈ అడుసు మెల్లగ తెగిపోయి కరుగుతది, కణాలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోతయి, దాన్నే మనం "ఉడికింది" అంటం. లోపలి పిండి 60, 70 డిగ్రీల దగ్గర్నే నీళ్లు తాగి ఉబ్బిపోతది, అంటే పిండి ఉడకడం పెద్ద కష్టం కాదు, కష్టమంతా ఆ అడుసు తోనే. నీళ్లు పులుపు లేకుండ మామూలుగ ఉంటే పెక్టిన్ తొందరగ తెగుతది, అదే పులుపెక్కి పీహెచ్ (పులుపును కొలిచే లెక్క, అంకె తగ్గినకొద్దీ పులుపెక్కువ) 4 దగ్గరికి వచ్చిందంటే మొండికేస్తది. చింతపండు చేసేది అదే. టమాట గూడ చేస్తది గానీ పులుపు తక్కువ కాబట్టి అంత గట్టిగ కాదు.

అయితే దీన్ని తప్పు లెక్క చూడొద్దు, బ్రేకు లెక్క వాడుకోవాలె. ముక్క ముప్పావు వంతు ఉడికినంక చింతపండు రసం పోస్తే అక్కడికి మెత్తబడుడు నెమ్మదిస్తది, ఆ తర్వాత పులుసు ఎంతసేపు మరిగినా ముక్క చెదరదు, మరుసటి రోజు వేడిచేసినా గుజ్జు కాదు. కొంతమంది తొందరగ ఉడకాలని చిటికెడు వంటసోడా వేస్తరు, ఉడకడం నిజంగనే ఉడుకుతది, కానీ సబ్బు వాసన, విటమిన్ సి పోవుడు, నాకైతే ఆ బేరం నచ్చదు.

నీళ్ల సంగతి గూడ ఇక్కడే చెప్పాలె. నల్గొండ నీళ్లు అనంగనే అందరికీ ఫ్లోరైడ్ యాదికొస్తది, ఫ్లోరైడ్ తీసే పద్ధతికి "నల్గొండ టెక్నిక్" అని మన జిల్లా పేరే పెట్టిన్రు, పటిక, సున్నం వేసి నీళ్లు తేర్చేది. కానీ వంటల సతాయించేది ఫ్లోరైడ్ కాదు, కాల్షియం. ఉప్పదనం ఉన్న గట్టి బోరు నీళ్లల్ల కాల్షియం ఎక్కువుంటే అది పోయి పెక్టిన్ పోగులను ఒకదానికొకటి ముడేస్తది, అందుకే ఆ నీళ్లల్ల కందిపప్పు గూడ ఎంతకీ ఉడకదు. మా ఊరికి నల్లాల కృష్ణ నీళ్లు వచ్చినంక పప్పుకు రెండు విజిల్స్ తగ్గినయని మా అమ్మ ఇప్పటికీ చెప్తది.

గ్యాస్ మాట ఎట్లాగూ వచ్చింది. ముక్క లోపలికి వేడి బయటినుంచి పాకుకుంట పోవాలె, అది మస్తు నిదానం. లెక్క ఏందంటే ముక్క మందం సగం చేస్తే టైమ్ సగం కాదు, సుమారుగ నాలుగో వంతుకు పడిపోతది. నిండు గడ్డ ఉడకడానికి అరగంట పడితే, గోరంత ముక్కలకు అయిదారు నిమిషాలు. ఇంకోటి, నీళ్లు ఒక్కసారి తెర్లినయంటే మంట ఎంత పెంచినా 100 డిగ్రీలు దాటయి, ఆవిరి ఎక్కువ పోతది అంతే, సిమ్‌ల పెట్టినా అదే వేడి. కుక్కర్ల అయితే ఒత్తిడి వల్ల 120 దాకా పోతది కాబట్టి నిండు గడ్డలకు కుక్కరే బెటర్. తొక్కతోని ఉడకబెట్టి తర్వాత వలుస్తే పొటాషియం, విటమిన్ సి నీళ్లల్లకు తక్కువ కారిపోతయి.

ఇగ ఫ్రిజ్ కథ. మన దిక్కు ఆలుగడ్డ పండేది తక్కువ, తెలంగాణల జహీరాబాద్ వైపు వేస్తరు, మిగతాది ఎక్కువ ఆగ్రా దిక్కునుంచి లారీలల్ల వస్తది. అక్కడ జనవరి నుంచి మార్చి దాకా తవ్వి కోల్డ్ స్టోరేజీల పెట్టి ఏడాది పొడుగూత అమ్ముతరు. చలి 7, 8 డిగ్రీల కంటే కిందికి పోయిందంటే ఆలుగడ్డ లోపలి పిండి మెల్లగ చక్కెరగ మారుతది. "ఈసారి గడ్డ తీపున్నదేందబ్బా" అని అప్పుడప్పుడు అనుకుంటం గదా, అదే ఇది. మనం ఇంటికి తెచ్చి మళ్ల ఫ్రిజ్‌ల పెడితే అక్కడ 4 డిగ్రీలు, ఇంకింత తీపి. పులుసుకు ఏం కాదు, వేపుడుకు మాత్రం ఆ చక్కెర నూనెల మాడి ముక్క లోపల పచ్చిగ ఉండంగనే బయట నల్లగైతది. 2002ల స్వీడన్ సైంటిస్టులు చెప్పింది ఏందంటే ఇట్ల బాగా ఎర్రగ, నల్లగ వేగిన పిండి పదార్థాలల్ల అక్రిలమైడ్ అనే మంచిది కాని రసాయనం తయారైతది అని, చక్కెర ఎక్కువుంటే అది గూడ ఎక్కువ. కాబట్టి వేపుడు బంగారు రంగు రాంగనే దించుడే మంచిది. చిప్స్ కంపెనీలు తమ గడ్డలను అంత చలిల పెట్టవు, 10, 12 డిగ్రీల దగ్గర ఉంచుతయి, దానికోసం కుఫ్రి చిప్సోనా అని చక్కెర తక్కువ చేరే రకాలే వేరేగ ఉన్నయి. కుఫ్రి అంటే సిమ్లా పక్కన ఊరు, సిమ్లాలున్న కేంద్ర ఆలుగడ్డ పరిశోధన సంస్థ తయారుచేసిన రకాలకు ఆ పేరు ముందు తగిలిస్తరు, 1968ల వచ్చిన కుఫ్రి జ్యోతి గూడ అట్లాంటిదే.

మరి ఫ్రిజ్ వద్దంటే మన ఎండలకు ఏడ పెట్టాలె అంటే, చీకటిగ గాలాడే మూల, గంపల గానీ గోనెసంచిల గానీ. పాలిథిన్ కవర్ల ముడేసి పెడితే ఎండాకాలం వేడికి గడ్డ ఊపిరి ఎక్కువ తీసుకుంటది, ఆక్సిజన్ అందక లోపల నడుమ నల్లగైతది, పైన మాత్రం నిగనిగ. నేను పోయిన ఏప్రిల్‌ల ఇట్లనే చవకగ వచ్చినయని అంగడిల అయిదు కిలోలు తెచ్చి కవర్లనే ఉంచిన, కోసేదాక తెల్వలే, రెండు కిలోలు పెంటకుప్ప మీదికి పోయినయి. ఎండాకాలం వారానికి సరిపడా తెచ్చుకునుడే అసలైన పొదుపు.

వెలుతురు తగిలి పచ్చబడ్డ గడ్డ సంగతి వేరు. ఆ పచ్చదనం ఆకుల్ల ఉండే క్లోరోఫిలే, అది ఏం చేయదు, కానీ దాంతోపాటే సోలనిన్ అనే చేదు విషం గూడ పెరుగుతది, ఉడకబెట్టినా పోదు. కొంచెం పచ్చగుంటే అక్కడ మందంగ కోసి పారేయాలె, మొలకల కండ్లు గూడ తవ్వి తీయాలె, మొత్తం పచ్చగైతే ఆశపడొద్దు. పిల్లలకైతే అస్సలు వద్దు.

మిగిలిపోయిన ఉడికిన గడ్డ మా ఇంట్ల ఎక్కువ పోయేది జొన్నరొట్టెలకు. పాలమూరు దిక్కు పెద్దమనుషులు మూడేళ్ల పిల్ల అరచెయ్యంత పిండి తీసుకోని చప్పట్ల చప్పుడుతోని సల్లని చంద్రుడంత రొట్టె చేస్తరు, నాకు మాత్రం అంచులు పగిలి మ్యాపు లెక్క అయితది. జొన్నపిండిల గోధుమకు ఉన్నట్టు సాగే గ్లూటెన్ లేదు, అందుకే ఎసరు కాగబెట్టి వేడివేడి నీళ్లు పోస్తరు, ఆ వేడికి కొంత పిండి ఉడికి జిగురొస్తది. మరి ఆలుగడ్డల పిండి ఇప్పటికే ఉడికి జిగురుగ ఉన్నదే గదా! రెండు గిన్నెల జొన్నపిండికి ఒక చిన్న గడ్డ మెత్తగ పిసికి కలిపితే రొట్టె పగలదు, మాపటిదాక మెత్తగ ఉంటది. అత్తమ్మ దీన్ని మోసం అంటది. తపాలచెక్కల గూడ వేసి చూసిన, పైన కరకర తగ్గింది, అది నాకు నచ్చలే.

లావైతమని భయపడేవాళ్లు ఒకటి చూడాలె, ఉడికిన ఆలుగడ్డ 100 గ్రాములకు 87 క్యాలరీల దాకా, అంతే బరువు అన్నంల 130 దాకా. లావుకు కారణం గడ్డ కంటే నూనె. చల్లార్చినంక లోపలి పిండి కొంత మళ్ల గట్టిపడి అరగని పిండిగ మారుతది, మళ్ల వేడిచేసినా అందుల కొంత అట్లనే ఉంటది. ప్రొటీన్ మాత్రం తక్కువ, రెండు శాతమే, కాబట్టి పప్పో గుడ్డో తోడుండాలె. మూడు గుడ్లకు మూడు గడ్డలు వేసి అయిదుగురికి కూర చేసుడు మన ఇండ్లల్ల కొత్త కాదు.

కూరల ఉప్పెక్కువైతే ఆలుగడ్డ ముక్క వేస్తే గుంజుకుంటది అంటరు గదా, అది సగమే నిజం. ముక్క ఉప్పును వేరుచేసి తాగదు, ఉప్పునీళ్లనే తాగుతది, మిగిలిన పులుసు అంతే ఉప్పగ ఉంటది. కూర ఎక్కువైతది కాబట్టి తిన్నప్పుడు కొంచెం సర్దుకుంటది అంతే, నీళ్లు పోసినా అదే.

కార్తీకంల మొలకలొచ్చిన మూడు గడ్డలను పారేయకుండ సిమెంటు సంచిల మట్టి నింపి పాతిన. రాత్రులు 20 డిగ్రీల లోపు చల్లగుంటేనే గడ్డ ఊరుతది, మన దగ్గర అది చలికాలమే. సంక్రాంతి దాటినంక సంచి బోర్లేస్తే పదకొండు వచ్చినయి, సగం గోలీకాయలంత. మట్టి పైకి తేలిన రెండు మాత్రం పచ్చగైనయి, వాటిని మళ్ల అదే సంచిల పాతిండు మా చిన్నోడు.