గుడారం కొనేముందు గాలి సంగతి చూసుకోండి

నెల్లూరు

చిరంజీవులైన పిల్లలందరికీ,

ఆశీస్సులు. సంక్రాంతి సెలవుల్లో ఒక పగలంతా మైపాడు తీరాన, ఒక రాత్రి పెంచలకోన కొండల వైపు గడపాలనుకుంటున్నారని తెలిసింది. రెండింటికీ ఒకే గుడారం చాలదా అని అడిగారు. చాలదు. సముద్రం ఒడ్డున మీకు కావాల్సింది నీడ, గాలి. రాత్రి పడుకోవడానికి కావాల్సింది దోమ రాని, మంచు పడని, పురుగూ పుట్రా దూరని గది. రెండూ చేస్తామని అమ్మేవి ఏ ఒక్కటీ సరిగ్గా చెయ్యవు.

బజార్లో దొరికే గుడారాల్లో చాలావాటి నమూనా చలిదేశాలది. లోపలి వెచ్చదనం బయటికి పోకుండా చూడటం వాటి పని. మన దగ్గర జనవరిలో కూడా ఆ బాధ లేదు. మనకున్న బాధల్లా ఉక్క, ఇసుక, ఉప్పుగాలి. అందుకని ఏ గుడారం చూసినా రెండే ప్రశ్నలు వేసుకోండి. గాలి లోపలికి వస్తుందా? అదే గాలి గుడారాన్ని ఎత్తుకుపోకుండా కట్టగలమా?

ముందు సముద్రం సంగతి.

మన తీరంలో సముద్రం తూర్పున ఉంది. పొద్దున పూట గాలి నేల మీదనుంచి పల్చగా వీస్తుంది, ఎండ సముద్రం వైపునుంచి కొడుతుంది. పదకొండు, పన్నెండు దాటాక తిరగబడుతుంది. గాలి తూర్పునుంచో ఆగ్నేయం నుంచో జోరుగా వస్తుంది, ఎండ పడమటికి మళ్లుతుంది. ఇప్పుడు మీరు ఫొటో పంపిన ఆ సగం గుమ్మటం గుడారాన్ని తీసుకోండి. దానికి మూడు వైపులా గుడ్డ, ఒక వైపు తెరిచిన నోరు. మధ్యాహ్నం మూడింటికి నీడ కావాలంటే వీపు పడమటికి పెట్టాలి. అంటే నోరు నేరుగా గాలికే. అది గాలి మింగిన తెరచాప అయిపోతుంది. పోనీ తిప్పి వీపు గాలికి పెడితే ఎండ ముఖాన కొడుతుంది, లోపల గాలాడదు. మైపాడైనా, కోడూరైనా, కొత్తపట్నమైనా ఇదే చిక్కు. అదే కొనాలనుకుంటే వెనక గోడలో పెద్ద వల కిటికీ ఉండి, దాని మూత పూర్తిగా చుట్టి కట్టేసుకునే వీలున్నదే కొనండి. అరచేతంత కిటికీలతో లాభం లేదు.

నన్నడిగితే తీరానికి నాలుగు కర్రలు, ఒక టార్పాలిన్ పట్ట మేలు. మన రైతులు వడ్ల మీద కప్పే బరకమే. కాకపోతే మందం చూసుకోండి. పట్ట మీద జీఎస్ఎం అని అంకె ఉంటుంది, చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో చెప్పేది అదే. 12 అడుగులకు 15 అడుగుల పట్ట అంటే దాదాపు 17 చదరపు మీటర్లు. 120 జీఎస్ఎం అయితే రెండు కిలోలు, 250 అయితే నాలుగు కిలోల పైమాట. నీడకు 120 చాలు, మోయడానికీ తేలిక. నల్లది, ముదురు నీలిది వద్దు, కింద కూర్చుంటే నెత్తి మాడుతుంది. పైన వెండి రంగు పూతున్నది తీసుకోండి. అంచుల్లో తాడు కుట్టి ఉందా, కన్నాలకు బిగించిన రింగులు అల్యూమినియమా ఇనుమా చూడండి. ఇనుపవైతే ఉప్పుగాలికి త్వరలోనే తుప్పు పట్టి గుడ్డను కొరుకుతాయి.

పట్టను తల ఎత్తుకు మించి కట్టొద్దు. నాలుగు వైపులా తెరిచే ఉంచండి. మధ్యాహ్నం పడమటి ఎండను ఆపడానికి ఇంకో పట్ట వేలాడదీస్తే మళ్లీ తెరచాప కథే. అక్కడ నర్సరీల్లో మొక్కల మీద కట్టే ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టండి. 75 శాతం రకం అడిగితే కోసి ఇస్తారు. ఎండలో ముప్పాతిక వంతు ఆగిపోతుంది, గాలి మాత్రం కన్నాల్లోంచి దాటిపోతుంది. పొద్దున తూర్పు వైపు కట్టి, భోజనాలయ్యాక పడమటికి మార్చుకోవచ్చు. ఏ కంపెనీ గుడారంలోనూ ఈ సౌకర్యం నాకు కనపడలేదు.

ఇక కట్టడం. ఇసుకలో ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. గుడారంతో పాటు వచ్చే సన్నటి మేకులు గట్టి నేల కోసం చేసినవి. పొడి ఇసుకలో గుచ్చితే చిటికెన వేలితో లాగినా వచ్చేస్తాయి. వాటిని సంచిలోంచి తియ్యను కూడా తియ్యొద్దు. మూరెడు పొడవు కర్ర తీసుకుని దాని నడుముకు తాడు కట్టండి. తాడు లాగే దిక్కుకు అడ్డంగా మోచేతి లోతు గాడి తవ్వి కర్రను అందులో పడుకోబెట్టండి. తాడు బయటికి రావడానికి గుడారం వైపు ఏటవాలుగా సన్నటి చీలిక తియ్యాలి. అది తియ్యకపోతే తాడు నిలువుగా పైకి లాగి కర్రను పెళ్లగిస్తుంది. ఇసుక పూడ్చి, కాలితో తొక్కి, ఒక బకెట్ నీళ్లు పోసి మళ్లీ తొక్కండి. ఇద్దరు కలిసి లాగినా రాదు. కర్ర దొరక్కపోతే గుడ్డ సంచిలో ఇసుక నింపి పాతినా అంతే పని చేస్తుంది. తాడు నేలకు 45 డిగ్రీల వాలులో ఉండాలి. నిటారుగా కడితే పట్టు ఉండదు.

ముడి కూడా నేర్చుకోండి. తాడును పట్ట రింగులోంచి గానీ, గట్టి నేలలోనైతే మేకు చుట్టూ గానీ తిప్పి తెచ్చి, బిగువుగా ఉన్న తాడు మీద ఉచ్చు లోపలి వైపు రెండు చుట్లు, ఉచ్చు బయట ఒక చుట్టు వేసి బిగించండి. చేత్తో జరిపితే జరుగుతుంది, గాలి లాగితే పట్టుకుంటుంది. సాయంత్రం తాడు వదులైతే ముడి విప్పే పని లేకుండా జరుపుకోవచ్చు.

పెళ్లిళ్లలో టిఫిన్ కౌంటర్ దగ్గర కనిపించే ఇనుప చట్రం మడత షామియానా గురించి కూడా అడిగారు. 10 అడుగులకు 10 అడుగులది పది మందికి నీడనిస్తుంది, కాదనను. కానీ ఒక్కో కాలికి కనీసం 20 కిలోల బరువు కట్టనిదే తీరంలో నిలబెట్టకూడదు. ఖాళీ యూరియా సంచులు నాలుగు కడిగి పట్టుకెళ్లండి, మూడోవంతు ఇసుక పోస్తే చాలు. కాళ్లకు కట్టకుండా పక్కన పెట్టేరు సుమా! గాలి వేగం రెట్టింపయితే తోపు నాలుగింతలవుతుంది. మధ్యాహ్నం వరకు కదలకుండా ఉన్నది సాయంత్రం నాలుగింటికి లేచి పక్కవాళ్ల మీద పడేది అందుకే. గాలి ముదిరి పట్ట టపటపా కొట్టుకోవడం మొదలైతే విప్పి మడిచెయ్యండి, మొహమాటం వద్దు.

గొడుగు వేసేవాళ్లయితే కాడ రెండడుగులు లోపలికి దిగాలి, గొడుగు తల గాలి వచ్చే వైపుకి వంగి ఉండాలి.

చోటు ఎంచుకునేటప్పుడు ఒడ్డున ఎండిన నాచు, పుల్లలు, గవ్వలు వరసగా పేరుకున్న గీత చూడండి. పోటు అక్కడిదాకా వస్తుందని అర్థం. దానికి బాగా పైన ఉండండి. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఇంకా ముందుకొస్తుంది. కొబ్బరి, తాటి చెట్ల కింద వద్దు. కాయే కాదు, ఎండు మట్ట పడినా తల పగులుతుంది. సరుగుడు తోట నీడ చల్లగానే ఉంటుంది కానీ కింద రాలిన ఆకు నిప్పు రవ్వకే అంటుకుంటుంది, అక్కడ పొయ్యి పెట్టొద్దు. ఇంకో మాట. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన ఒడ్డుకొచ్చి రాత్రిళ్లు గుడ్లు పెడతాయి. చీకటి పడేలోపు తాళ్లు, వలలు విప్పేసి గుంటలు పూడ్చి రండి.

ఇప్పుడు రాత్రి గుడారం.

అట్ట మీద నలుగురికి అని రాసి ఉంటే నమ్మొద్దు. ఆ నలుగురి గుడారాల్లో చాలావాటి నేల 200 సెంటీమీటర్లకు 200. నలుగురు పడుకుంటే మనిషికి 50 సెంటీమీటర్లు, అంటే రైలు బెర్తు కంటే తక్కువ. ఉక్కలో మనిషికి 75 సెంటీమీటర్లన్నా లేకపోతే నిద్ర పట్టదు. కాబట్టి నలుగురిది ఇద్దరికి హాయిగా, ముగ్గురికి సర్దుకుని సరిపోతుంది. గోడలు వాలుగా ఉంటాయి గనక పొడుగ్గా ఉన్న మీ అన్నయ్యకు 200 నిడివిలో తల ఒక గోడకు, కాళ్లు ఇంకో గోడకు తగులుతాయి. 215 పైన ఉన్నది చూడండి.

రెండు పొరలున్నదే కొనండి. లోపల దోమతెర గది, దాని మీద వేరుగా నీళ్లాపే పై గుడ్డ. మధ్యలో జానెడు ఖాళీ. ఒకే పొర గుడారం తక్కువ ధరకి వస్తుంది. కానీ రాత్రంతా మీరు వదిలే ఊపిరిలోని తేమ చల్లబడిన గుడ్డకు తగిలి నీటిబొట్లై మీ మీదే పడుతుంది. పొద్దున్నే లేచి గుడారం కారిందని అనుకుంటారు. అది కారడం కాదు, మీ ఊపిరే. రెండు పొరలున్నా పై గుడ్డ తాళ్లు బిగించకపోతే అది లోపలి గుడ్డకు అంటుకుని ఇదే జరుగుతుంది. లోపలి గదిలో సగానికి పైగా వలే ఉండాలి. గుమ్మాలు రెండు ఎదురెదురుగా ఉంటే మరీ మంచిది. సంక్రాంతి రోజుల్లో మంచు బాగా కురుస్తుంది, పై గుడ్డ తీసెయ్యకండి. వేసే ఉంచి, రెండు వైపులా తలుపులు చుట్టి పైకి కట్టుకోండి.

నీళ్లాపే శక్తిని మిల్లీమీటర్లలో చెబుతారు. 1500 అంటే గుడ్డ మీద ఒకటిన్నర మీటరు ఎత్తు నీళ్లు నిలబెట్టినంత ఒత్తిడి దాకా ఊరదని. పై గుడ్డకు 2000 చాలు. నేలకు 3000 పైన ఉండాలి, ఎందుకంటే తడి నేల మీద మీ మోకాలి బరువు గుడ్డను నొక్కి నీళ్లను లోపలికి రప్పిస్తుంది. అంకె ఎంతున్నా కుట్ల మీద టేపు అంటించి లేకపోతే వృథా. కొట్లోనే గుడ్డ తిరగేసి చూడండి. నేల కింద పట్ట పరిచేటప్పుడు గుడారం అంచుకంటే రెండంగుళాలు లోపలికే ఉండేలా మడవండి. బయటికి పొడుచుకొస్తే వాననీళ్లను పట్టి మీ వీపు కిందికి చేరుస్తుంది.

కడ్డీలు ఫైబర్‌వైతే చవక, బరువు. విరిగితే నిలువునా చీలి ముళ్లుగా వస్తాయి. ఉత్త చేతులతో పట్టుకోవద్దు. అల్యూమినియంవి వంగుతాయి కానీ దారి మధ్యలో మోసం చెయ్యవు. ఏవైనా సరే, కడ్డీ పట్టేంత బోలు ఉన్న అరడుగు లోహపు గొట్టం, కరెంటు టేపు ఒక చుట్ట సంచిలో పడెయ్యండి. విరిగిన చోట గొట్టం తొడిగి టేపు చుడితే రాత్రి గడుస్తుంది. గుండీ నొక్కితే తనే తెరుచుకునేవి చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. నడిమి కీలు విరిగితే మాత్రం మొత్తం పోయినట్టే.

పెంచలకోనైనా భైరవకోనైనా నేల రాయి. మేకు దిగదు. అందుకని మేకులు లేకుండా తన కడ్డీల మీద తను నిలబడే గుమ్మటం రకమే తీసుకోండి. తాళ్లను బండరాళ్లకు కట్టండి. గట్టి మట్టి ఉన్నచోట ఆరంగుళాల ఇనుప మేకులు దిగుతాయి. మేకు తల గుడారానికి దూరంగా వాలేలా కొట్టాలి. అడవి హద్దులో రాత్రి ఉండాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి, ముందే కనుక్కోండి. ఎంత మెత్తగా, చదునుగా ఉన్నా వాగు ఇసుకలో గుడారం వెయ్యొద్దు. మీ నెత్తిన చుక్క పడకపోయినా వెలిగొండల పైన కురిస్తే వాగు వచ్చేస్తుంది. ఉరిమితే గుడారం మిమ్మల్ని కాపాడదు, కారెక్కి అద్దాలు ఎత్తుకోండి.

గుడారం లోపల పొయ్యి, కుంపటి, దోమల చుట్ట ఏదీ వెలిగించకూడదు. గుడ్డ అంటుకుంటే బయటపడే వ్యవధి ఉండదు. బొగ్గు నుంచి వచ్చే విషవాయువుకు వాసన కూడా లేదు. జిప్పు లోపలికి వెళ్లినా, బయటికి వచ్చినా మూసెయ్యండి. తేలు దూరడానికి రెండు నిమిషాలు చాలు. చెప్పులు దులపకుండా తొడుక్కోవద్దు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాల కాలం. ఆ మూడు నెలలు ఏ గుడారమూ వద్దు.

తెచ్చుకున్నాక వెంటనే అడవికి పట్టుకెళ్లకండి. ముందు మేడ మీద వేసి చూడండి, తాళ్లను నీళ్ల డ్రమ్ములకు కట్టండి. ఒకరు లోపల టార్చి పట్టుకుని కూర్చోండి, ఇంకొకరు పైపుతో పది నిమిషాలు నీళ్లు కొట్టండి. కుట్ల దగ్గర తడి కనపడితే సుద్దముక్కతో గుర్తు పెట్టి, ఆరాక లోపలివైపు సీమ్ సీలర్, అంటే కుట్ల కన్నాలు పూడ్చే జిగురు, పూయండి. తీరం నుంచి వచ్చిన పట్టలు, తాళ్లు, జిప్పులు మంచినీళ్లతో కడగండి. కడ్డీల కీళ్లలో ఇసుక దులపండి, లేకపోతే ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని రావు. అన్నీ నీడలో ఆరేసి, కుట్లు కూడా పొడిగా అయ్యాకే మడవండి. తడిమీద మడిచి అటక మీద పెట్టారంటే బూజు పడుతుంది, లోపలి పూత జిగురై కంపు కొడుతుంది. ఆ పూత పోయాక బాగుచెయ్యడం కంటే కొత్తది కొనుక్కోవడమే నయం.

ఇట్లు,
మీ పెద్దనాన్న