బ్లేడా, క్యావిటీ బ్యాకా? చేయి తిరిగిన గోల్ఫర్లను కూడా వదలని అపోహలు

గోల్ఫ్ కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఐరన్ సెట్, అంటే ఉక్కు తల ఉన్న క్లబ్బుల వరస, ఎంచి ఇవ్వడం తేలిక. చెప్పింది వింటారు. ఏళ్ల తరబడి ఆడి, హ్యాండిక్యాప్ (ఆట స్థాయి చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత మంచి ఆట) ఐదారు దగ్గర ఉన్నవాళ్లతోనే అసలు తంటా. ఫిట్టింగ్‌కి, అంటే తమకి సరిపడే క్లబ్బులు పరీక్షించి ఎంచుకోడానికి, వచ్చేసరికే వాళ్ల మనసులో నిర్ణయం అయిపోయి ఉంటుంది. నా చేత ఔననిపించుకోడానికి వస్తారంతే.

బ్లేడ్ అంటే వెనక తొలవని సంప్రదాయ ఐరన్, క్యావిటీ బ్యాక్ అంటే వెనక తొలిచినది. మొన్న వచ్చినాయనా అంతే. "బ్లేడ్ తప్ప ఇంకేదీ చూపించొద్దు సార్" అని ముందే చెప్పేశాడు. సరేనని ఆయన సొంత 6 ఐరన్ ముఖం మీద పాదాలకి వాడే పౌడర్ స్ప్రే కొట్టి, పది బంతులు కొట్టమన్నాను. బంతి తగిలిన చోట పౌడర్ లేచిపోయి గుండ్రటి మచ్చ పడుతుంది. ఆరు మచ్చలు దాదాపు ఒకదాని మీద ఒకటి, నడిమధ్యలో పడ్డాయి. మంచి చేయి, సందేహం లేదు. మిగతా నాలుగూ టో (తల చివరి కొస) వైపు, వేలి వెడల్పు దూరంలో. "అవి వదిలెయ్యండి, ఇంకా ఒళ్లు వేడెక్కలేదు" అన్నాడు. స్కోర్ కార్డు వాటిని వదలదు కదా! ఆ రోజు ఆయన నోట విన్నవీ, ఇన్నేళ్లుగా చాలామంది నోట వింటున్నవీ కలిపి రాస్తున్నాను.

అపోహ: సింగిల్ డిజిట్ హ్యాండిక్యాప్ వచ్చాక బ్లేడ్‌కి మారాల్సిందే

వాస్తవం: బ్లేడ్ ప్రమోషన్ ఆర్డర్ కాదు. బ్లేడ్‌లో ఉక్కంతా ముఖం మధ్య భాగం వెనక ముద్దగా ఉంటుంది. క్యావిటీ బ్యాక్‌లో వెనక తొలిచి, ఆ బరువుని అంచులకి, ముఖ్యంగా హీల్ (కర్ర అతికే కొస), టో వైపులకి పంచుతారు. బంతి మధ్యలో తగలనప్పుడు క్లబ్‌హెడ్ చేతిలో మెలి తిరగబోతుంది. అంచుల్లో బరువు ఉంటే ఆ మెలి తగ్గుతుంది. తేడా అంతా అక్కడే. కార్‌స్టెన్ సోల్‌హైమ్ అనే ఇంజినీరు ఈ ఆలోచనని ముందు పటర్లలో (బంతిని గుంటలోకి దొర్లించే క్లబ్బులు), తర్వాత ఐరన్లలో పెట్టాడు. 1982లో వచ్చిన పింగ్ ఐ2 ఐరన్లు చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉన్నాయని పెదవి విరిచినవాళ్లే తర్వాత కొనుక్కున్నారు. 1989 బ్రిటిష్ ఓపెన్ గెలిచిన మార్క్ కాల్కవెకియా బ్యాగులో ఉన్నవీ అవే.

ఇప్పటి ఆటగాళ్లని చూసినా అంతే. స్కాటీ షెఫ్లర్ 5 ఐరన్ నుంచి పిచింగ్ వెడ్జ్ (దగ్గరి దెబ్బల క్లబ్) దాకా బ్లేడ్లు ఆడుతూనే, 3, 4 ఐరన్ల చోట అంతకంటే సులువుగా లేచే శ్రిక్సన్ యుటిలిటీ ఐరన్లు పెట్టుకుని మేజర్లు (గోల్ఫ్‌లో అతి పెద్ద టోర్నీలు) గెలిచాడు. ప్రపంచ నంబర్ వన్‌కి లేని మొహమాటం మనకెందుకో నాకు అర్థం కాదు. ఆయన ప్రాక్టీస్‌లో మనకి పదో వంతు కూడా ఉండదు, లాంగ్ ఐరన్లు మాత్రం కత్తి లాంటి బ్లేడ్లే కావాలంటాం. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు.

అపోహ: క్యావిటీ బ్యాక్ స్వింగ్ తప్పుల్ని సరిదిద్దుతుంది

వాస్తవం: సరిదిద్దదు. ముఖం తెరుచుకుని, అంటే కుడికి తిరిగి, వస్తే కుడిచేతి ఆటగాడి బంతి కుడికే పోతుంది, వెనక ఎంత తొలిచినా సరే. తగలకూడని చోట తగిలిన దెబ్బకి పడే జరిమానా తగ్గుతుంది, అంతవరకే.

అపోహ: క్యావిటీతో బంతిని మలుపు తిప్పలేం

వాస్తవం: అనుభవం ఉన్నవాళ్లు గట్టిగా పట్టుకుని వదలని మాట ఇది. బంతి ఎటు వంగాలో నిర్ణయించేది, తగిలే క్షణంలో ముఖం ఎటు చూస్తోంది, క్లబ్ ఏ దారిలో వస్తోంది అన్నవి. ఈ రెండింటికీ మధ్య కోణం ఉంటే బంతి వంగుతుంది. క్లబ్ వెనక గుంట ఉందో లేదో బంతికి తెలియదు. లాంచ్ మానిటర్ (బంతి వేగం, దారి కొలిచే యంత్రం) ముందు ఒకే ఆటగాడి చేత రెండు రకాలతోనూ ఫేడ్ (కుడికి వంగేది), డ్రా (ఎడమకి వంగేది) కొట్టించి చూశాను. కావాలని తిప్పినప్పుడు రెండూ తిరిగాయి.

అయితే ఈ అపోహ గాలిలోంచి పుట్టలేదు. బ్లేడ్ తల చిన్నది, బరువు షాఫ్ట్‌కి దగ్గరగా ఉంటుంది, కాబట్టి ముఖాన్ని తెరవడం, మూయడం చేతికి తేలిగ్గా అనిపిస్తుంది. పెద్ద తలతో అదే పని బద్ధకంగా జరిగినట్టుంటుంది. అలవాటు పడాలి. ఇక నిజంగా బ్లేడ్‌దే పైచేయి అయ్యేది ఎత్తు విషయంలో. బ్లేడ్‌లో బరువు కేంద్రం కాస్త పైన ఉంటుంది. ఎదురుగాలిలో బంతిని కిందుగా, లొంగదీసి కొట్టాలంటే అది సాయం చేస్తుంది. బరువు బాగా కిందికి దించిన క్యావిటీలతో బంతి వద్దన్నా పైకి లేస్తుంది. మీ ఆటలో సగం ఎదురుగాలితోనే అయితే ఈ కారణంతో బ్లేడ్ తీసుకోండి, నేను వద్దనను. వంపు కోసమైతే మాత్రం అవసరం లేదు.

అపోహ: క్యావిటీ బ్యాక్ ఎక్కువ దూరం కొడుతుంది

వాస్తవం: అడుగున చెక్కిన అంకెని కాసేపు మరిచిపోండి. సంప్రదాయ బ్లేడ్ సెట్‌లో 7 ఐరన్ లాఫ్ట్ (ముఖం వెనక్కి వాలిన కోణం, తక్కువైతే బంతి కిందుగా, దూరంగా పోతుంది) 34, 35 డిగ్రీలు ఉంటుంది. దూరం కోసమే చేసిన క్యావిటీ సెట్‌లో 7 అని రాసి ఉన్నది 30 డిగ్రీలో, ఇంకా తక్కువో ఉంటుంది. అంటే పాత లెక్కన అది 6 ఐరన్. "సెవెన్‌తో పది గజాలు పెరిగింది" అని మురిసిపోయేవాళ్లలో చాలామందికి పెరిగింది దూరం కాదు, మారింది అంకె. ముఖం పల్చగా ఉండే బోలు ఐరన్లలో బంతి వేగం కొంత పెరిగే మాట నిజమే. క్యావిటీలన్నీ ఆ బాపతు కావు.

అనుభవం ఉన్న ఆటగాడికి దూరం కన్నా ముఖ్యం, బంతి గ్రీన్ (గుంట ఉన్న నున్నటి గడ్డి) మీద ఆగడం. లాఫ్ట్ తగ్గిస్తే స్పిన్ తగ్గుతుంది, బంతి దిగే కోణం వాలుగా అవుతుంది, గట్టి గ్రీన్ మీద దొర్లుకుంటూ వెనకున్న ఇసుక బంకర్‌లోకి పోతుంది. ఇంకో చిక్కు వెడ్జ్‌ల దగ్గర. పిచింగ్ వెడ్జ్ 43 డిగ్రీలు, దాని తర్వాత మీ పాత 52 డిగ్రీల వెడ్జ్ అనుకోండి. మధ్యలో 9 డిగ్రీల గొయ్యి. దాన్ని పూడ్చడానికి ఇంకో వెడ్జ్ కొంటే, రూల్ ప్రకారం 14 క్లబ్బులే కాబట్టి పైనుంచి ఒకటి తీసెయ్యాలి. కొన్న వారానికి ఈ లెక్క బయటపడి తలపట్టుకున్నవాళ్లని చూశాను. లాఫ్ట్‌లు సంప్రదాయంగానే ఉన్న చిన్న తల క్యావిటీలు కూడా దొరుకుతాయి, బ్లేడ్ నుంచి దిగేవాళ్లు ముందు వాటినే చూడాలి.

అపోహ: ఫోర్జ్ చేసినవి వెన్నలా ఉంటాయి, పోతపోసినవి రాయిలా ఉంటాయి

వాస్తవం: ముందు ఒక చిక్కుముడి విప్పాలి. ఫోర్జ్డ్ (వేడి ఉక్కుని నొక్కి మలిచినది) అంటే బ్లేడ్, పోత అంటే క్యావిటీ అనుకుంటారు. ఫోర్జ్ చేసిన క్యావిటీ బ్యాక్‌లు బోలెడున్నాయి. ఇక ఫీల్ సంగతి. బంతి ముఖానికి అంటుకుని ఉండేది సెకనులో దాదాపు రెండు వేలవ వంతు సేపు. చేతికి కబురు అందేసరికి బంతి వెళ్లిపోయింది. మనం ఫీల్ అనుకునేదాంట్లో పెద్ద వాటా చప్పుడుది. చెవుల్లో గట్టిగా బిరడాలు పెట్టుకుని నాలుగు బంతులు కొట్టి చూడండి, ఏది వెన్నో ఏది రాయో చెప్పడానికి తడుముకుంటారు. నేనూ తడుముకున్నాను, ఆ రోజు కాస్త సిగ్గేసింది కూడా.

ఫోర్జింగ్ వల్ల నిజంగా కలిసొచ్చేది వేరే ఉంది. మెత్తటి కార్బన్ స్టీల్ కాబట్టి లాఫ్ట్, లై (నేలకి కర్ర వాలు) కోణాల్ని ఒకటి రెండు డిగ్రీలు సులువుగా వంచి సరిచేయొచ్చు. గట్టి స్టెయిన్‌లెస్ స్టీల్ పోత మొండికేస్తుంది. ఆ మెత్తదనం వల్లే బాగా వాడిన ఫోర్జ్డ్ సెట్‌లో కోణాలు వాటంతట అవీ జరగొచ్చు. ఏడాదికోసారి కొలిపించుకుంటే మంచిది.

అపోహ: బ్లేడ్ ఆడితే స్ట్రైక్ దానంతటదే బాగుపడుతుంది

వాస్తవం: తప్పు తగిలిందని బ్లేడ్ గట్టిగా చెబుతుంది. ఎందుకు తగిలిందో చెప్పదు. ప్రాక్టీస్‌కి ఒక పాత 7 ఐరన్ బ్లేడ్ ఉంచుకోండి, చాలు.

అపోహ: రూపం చూడ్డం వట్టి సోకు

వాస్తవం: ఇది అవతలి, అంటే క్యావిటీ, పక్షం వాళ్ల అపోహ. ఏళ్లుగా పల్చటి టాప్ లైన్ (తల పై అంచు) చూసిన కంటికి, ఆఫ్‌సెట్ (కర్ర కంటే ముఖం వెనక్కి జరిగి ఉండడం) ఎక్కువున్న ఐరన్ ముఖం ఎడమకి మూసుకున్నట్టు కనిపిస్తుంది. తెలియకుండానే చేతులు దాన్ని తెరుస్తాయి, బంతి కుడికి పోతుంది. కంటికి నప్పని క్లబ్‌కి ఫిజిక్స్ ఎంత వత్తాసు పలికినా లాభం లేదు. అడుగు భాగం కూడా ఇలాంటిదే. "నా బ్లేడ్ మట్టిలోంచి కత్తిలా దూసుకొస్తుంది" అనేవాళ్లు నిజానికి మెచ్చుకుంటున్నది ఇరుకైన సోల్‌ని. అలాంటి సోల్ ఉన్న క్యావిటీలూ ఉన్నాయి. నేల మెత్తగా ఉండి, మీరు నిటారుగా దిగి పెద్ద డివట్ (మట్టి పెళ్ల) తీసే రకమైతే ఆ ఇరుకు సోలే లోతుకి దిగబడుతుంది.

పౌడర్ పరీక్ష మీరే చేసుకోవచ్చు. 8 ఐరన్‌తో కాదు, అది అందరినీ మంచివాళ్లని చేస్తుంది. 5 ఐరన్ తీసి, పది బంతులు కొట్టి, బాగా తగిలినవి పక్కన పెట్టి, చెడ్డగా తగిలిన మూడు బంతులు మైదానంలో ఎక్కడ పడ్డాయో చూడండి. అవి గ్రీన్ ముందు అంచు దాకానైనా వస్తే బ్లేడ్ ఉంచుకోండి. ముందున్న నీళ్లలోకి పోయేంత తక్కువైతే ఆ క్లబ్ మార్చండి, సెట్ మొత్తం కాదు. కలిపి ఆడేటప్పుడు అతుకు దగ్గర లాఫ్ట్ చూసుకోవాలి. 38 డిగ్రీల బ్లేడ్ 8 పక్కన 30 డిగ్రీల క్యావిటీ 7 పెడితే మధ్యలో ఒక క్లబ్ మాయమైనట్టే. వంచి సర్దొచ్చు కానీ, లాఫ్ట్ ఒక డిగ్రీ తగ్గిస్తే బౌన్స్ (అడుగు మట్టిలో దిగబడకుండా ఆపే కోణం) కూడా ఒక డిగ్రీ తగ్గుతుంది.

ఆడలేక మద్దెల ఓడు అంటారని భయపడి, నిజంగానే ఓడైన మద్దెలని ఏళ్లపాటు మోసినవాళ్లలో నేనూ ఒకణ్ని. ఇప్పుడు నా బ్యాగులో 8 నుంచి వెడ్జ్ దాకా బ్లేడ్లు, 5 నుంచి 7 దాకా చిన్న తల క్యావిటీలు. 4 ఐరన్ స్థానంలో హైబ్రిడ్ (బంతి తేలిగ్గా లేచే మరో రకం క్లబ్) వచ్చి రెండేళ్లయింది. మొన్నటాయన 5, 6 మార్చుకుని వెళ్లాడు. 7 గురించి ఆలోచించి చెప్తానన్నాడు.