నువ్వుండ లాంటి ప్రైమర్

విశాఖలో సముద్రానికి దగ్గర్లో ఉండే ఒక పాఠకుడు అడిగారు: "గేటుకు రెడాక్సైడ్ కొట్టించినా ఊరికే తుప్పు పట్టేస్తోంది. షాపులో జింక్ ప్రైమర్ వేయమంటున్నారు. ధర చూస్తే కళ్లు తిరిగాయి. అంత ఏముందండీ అందులో?"

జింకే ఉంది. బడి పుస్తకాల్లో యశదం. ఇనుము తుప్పు పట్టడమంటే ఎలక్ట్రాన్లు పోగొట్టుకోవడం. జింక్ అంతకన్నా సులువుగా పోగొట్టుకుంటుంది (దీన్ని కొలిచే ప్రమాణ పొటెన్షియల్ జింక్‌కు –0.76 వోల్టులు, ఇనుముకు –0.44; ఎంత మైనస్ అయితే అంత సులువు). రెండూ అంటుకుని తడిలో ఉంటే జింక్ కరుగుతుంది, ఇనుము నిలుస్తుంది. ఏ లోహం ముందు ఎలక్ట్రాన్లు వదులుతుందో చెప్పే ఈ వరసను మాచేత ఎక్కాల్లా బట్టీ పట్టించారు గానీ, నిమ్మకాయలో ఓ జింక్ రేకు, ఓ ఇనుప మేకు గుచ్చి మీటరు పెట్టి చూపించలేదు. దిష్టికని గేటుకు కట్టే నిమ్మకాయను ఒక్కరోజు బడికి పంపినా సరిపోయేది.

చిక్కల్లా ఎలక్ట్రాన్లు వెళ్లే దారితోనే. జింక్ నుంచి ఇనుముకు అవి లోహం గుండానే నడవాలి. పెయింటులో పొడిని పట్టి ఉంచే జిగురు, అంటే రెజిన్, కరెంటును పోనివ్వదు. మామూలు పెయింటులో పొడి రేణువులు పాయసంలో జీడిపప్పుల్లా ఎక్కడివక్కడ తేలుతుంటాయి. జింక్ ప్రైమర్ నువ్వుండలా ఉండాలి. నువ్వు నువ్వును తాకాలి, బెల్లం పాకం వాటిని పట్టి ఉంచేంతే ఉండాలి. పాకం ఎక్కువైతే నువ్వులు విడివిడిగా చిక్కుకుంటాయి, జింక్ ఉండీ లేనట్టే. తక్కువైతే ఉండ చేతిలోనే పొడైపోతుంది, పూత రాలిపోతుంది. రేణువు కొన్ని మైక్రాన్లు, పూత 60–75 మైక్రాన్లు. కాబట్టి పైనున్న జింక్ ఇనుమును చేరాలంటే నడుమ పది, పదిహేను రేణువులు వరసగా చేయీ చేయీ పట్టుకోవాలి.

డబ్బా మీద "ఎండిన పూతలో 80 శాతం జింక్" అని చూసి మురిసిపోకండి. అది బరువులో లెక్క. జింక్ సాంద్రత 7.1, ఎపాక్సీ అనే రెజిన్‌ది 1.2 దాకా. 80 గ్రాముల జింక్ సుమారు 11 ఘనసెంటీమీటర్లు, 20 గ్రాముల ఎపాక్సీ 17. అంటే చోటులో జింక్ వాటా 40 శాతమే! బరువులో 90కి పెంచితే గానీ 60 దాటదు.

రెడాక్సైడ్ మీద జింక్ కొట్టించడం ఎందుకు దండగో ఇప్పుడు తెలిసే ఉంటుంది. పాత తుప్పు మీద కొట్టినా అంతే. నువ్వు ఇనుమును తాకదు. పెద్ద పనుల్లో ఇసుకలాంటి గరుకు రేణువులతో బ్లాస్టింగ్ చేసి మెరిసే లోహం దాకా గీకుతారు.

ఆస్ట్రేలియాలో మర్రే నది నుంచి వైయాలా పట్టణానికి నీళ్లు తీసుకెళ్లే మోర్గన్–వైయాలా గొట్టపు మార్గం 1944లో వాడకంలోకి వచ్చింది. పొడవు 350 కిలోమీటర్ల పైనే, చాలా భాగం నేల మీదే ఉంటుంది. దాని మీది జింక్ పూతకు విక్టర్ నైటింగాల్ అనే ఆవిష్కర్త రెజిన్ బదులు సిలికేట్‌ను పాకంగా వాడాడు. ఆ రోజుల్లో దాన్ని వేడిచేసి గట్టిపరచాల్సి వచ్చేది. యాభై ఏళ్లు దాటినా ఆ పూత పనిచేస్తూనే ఉందని తుప్పు నిపుణులు ఇప్పటికీ ఉదాహరణగా చెబుతారు.

మా ఇంటి గ్రిల్‌కూ జింక్ ప్రైమరే వేయించాను. ఏడాదికే ఎర్రబడింది. మిగిలిన డబ్బా తీసి పుల్ల దింపాను, దిగలేదు. పెయింటర్ కలపకుండా పైపైన తేటనే కొట్టేశాడు. బరువైన జింకంతా అడుగున బూడిదరంగు ముద్దై కూర్చుంది.